బూడిదరంగు ఫియట్ వెనకాల: ప్రొద్దుటూరు నుంచి పులివెందులకు ఒక ఆదివారం

కడప నుంచి చెన్నూరు, మైదుకూరు మీదుగా ప్రొద్దుటూరు పోయే రోడ్డు మీద ఆ మధ్య ఒక ఆదివారం పొద్దున మూడు పాత బండ్లు వరుసగా పోతుంటే చూశాను. అన్నిటికన్నా ముందు రంగు వేయని బూడిదరంగు ఫియట్, దాని వెనక ఎర్రని రెండు తలుపుల హెరాల్డ్, చివర తళతళలాడే తెల్ల అంబాసిడర్. మూడింటిలో అడుగు తీసి అడుగు వేస్తున్నది ముందున్న ఫియటే. రోడ్డు ఖాళీగా ఉంది, వెనకున్న రెండింటికీ దాన్ని దాటే సత్తా ఉంది. అయినా అవి దాటడం లేదు. చాలా ఏళ్ళు విలేకరిగా పనిచేసిన వాడిని. కారణం తెలియని వరుస కనిపిస్తే వదిలిపెట్టడం చేతకాదు. ఖాజీపేటలో వాళ్ళు టీకి ఆగినప్పుడు నేనూ ఆగి అడిగాను. అంబాసిడర్ ఆయన గ్లాసు పక్కన పెట్టి చెప్పాడు: "నిదానంగా పొయ్యేది ముందు పోవల్ల సార్. అది యెనకుంటే, యాడన్నా ఆగిపోయినా ముందున్నోళ్ళకు తెల్దు. మా కాడ రూలు అదొక్కటే." పెట్టుకున్న రూలు ఒక్కటే అయినా దాన్ని పాటించే సంఘాలు నేను పెద్దగా చూడలేదు. వచ్చే నెల పులివెందుల దాకా పెద్ద తిరుగుడు ఉందనీ, వస్తే చోటిస్తామనీ అన్నారు. సరేనన్నాను. ఈ ప్రయాణం మొదలైంది అట్లా.

చెప్పిన ఆదివారం కడపలో తెల్లవారుజామున తొలి బస్సెక్కితే ఏడు కొట్టేలోపు ప్రొద్దుటూరులో దిగవచ్చు. బస్టాండు నుంచి ఆటోలో పది నిమిషాల దూరంలో మూతబడిన నూనె మిల్లు ఒకటి ఉంది. ప్రతి ఆదివారం పొద్దున వీళ్ళు కలిసేది దాని ఆవరణలోనే. నేను పోయేసరికి ఫియట్ బానెట్ తెరిచి ఉంది. ఎదురుగా ఉన్న కొట్టు నుంచి కారం దోసెలు కాగితాల్లో తెచ్చుకుని ముగ్గురూ దాని చుట్టూ నిలబడి తింటున్నారు. ఫియట్ ఖాదర్‌వలీది. వాళ్ళ నాయన ఆ బండిని టాక్సీగా తోలుతూ బ్రహ్మంగారిమఠానికి యాత్రికులను తిప్పేవాడు. ఖాదర్‌వలీ కువైట్‌లో ఒక సేటు ఇంట్లో డ్రైవరుగా పనిచేసి తిరిగొచ్చి, ఇప్పుడు టైర్ల కొట్టు పెట్టుకున్నాడు. బండికి తుప్పు పూర్తిగా పోయేదాకా రంగు వేయనని పట్టుబట్టాడు, అందుకే అడుగుపూతతోనే తిరుగుతోంది. హెరాల్డ్ నాగభూషణం ఆచారిది. ఆయన బంగారు పనివాడు. ప్రొద్దుటూరులో ఆ పనికి కొదవ లేదు గానీ, బజారులో దొరకని తలుపు పిడి, ఇత్తడి మర, చిన్న గొట్టం లాంటివి పాత బండ్ల కోసం చేసిపెట్టేది ఆయనొక్కడే. తెల్ల అంబాసిడర్ సుధాకర్‌ది. ఆయనకు ఫోటో స్టూడియో ఉంది. ఈ బృందాన్ని కూడగట్టిందీ, నడిపేదీ ఆయనే. ఆయన బండి స్టూడియో వెనక రేకుల షెడ్డులో గుడ్డ కప్పుకుని ఉంటుంది. "మామ బండికి ఎండ తగిల్తే జరం వస్తాది సార్," అన్నాడు ఖాదర్‌వలీ. సుధాకర్ నవ్వుతూనే ఒక తిట్టు తిట్టాడు.

నవ్వుల కింద ఒక దిగులు ఉంది. దాన్ని ముందే చెప్పాలి, తర్వాత జరిగిందంతా దాని మీదే ఆధారపడింది కాబట్టి. మిల్లు యజమానులు స్థలాన్ని ప్లాట్లు వేసి అమ్ముతున్నారు. గోడ పక్కన సున్నపు గీతలు అప్పుడే పడ్డాయి. ఈ నెలాఖరుకు ఆవరణ ఖాళీ చేయాలి. సుధాకర్‌కు షెడ్డు ఉంది. ఆచారి ఇంటి ముందు ఎట్లాగో హెరాల్డ్ పడుతుంది. ఖాదర్‌వలీ ఉండే సందులో రెండు మోటార్ సైకిళ్ళు ఎదురైతే ఒకటి వెనక్కి పోవాలి. అందుకని ఫియట్ ఉండేది మిల్లులోనే, పాత రేకుల కింద. ఇది పోతే దానికి నీడ లేదు. నడిరోడ్డు మీద వదిలేస్తే, రెండు వానలకు ఇన్నాళ్ళు గీకిన తుప్పంతా తిరిగి వస్తుంది. పాత ఇనుము కొనేవాడు ఇప్పటికే రెండుసార్లు వచ్చి చూసి పోయాడట. "అమ్మితే కేజీల లెక్క సార్," అన్నాడు ఖాదర్‌వలీ, దోసె కాగితం మడుస్తూ. "మా నాయన్ని తూకానికి పెట్టినట్ల ఉంటాది."

దారి సుధాకర్ కనిపెట్టాడు. జమ్మలమడుగు దాటాక ముద్దనూరు రోడ్డు మీద కొత్తగా కట్టిన ఒక రిసార్టు వాళ్ళతో ఫోనులో మాట్లాడాడు. ఆదివారాలు పాత బండ్లు తమ ఆవరణలో నిలబెడితే అతిథులు చూస్తారు, అందుకు బదులుగా వారమంతా బండ్లకు నీడ, కాపలా వాళ్ళిస్తారు. ఈ ఆదివారం తొలి ప్రదర్శన. పదిన్నరకల్లా అక్కడ ఉండాలి. నచ్చితే ఒప్పందం ఖాయం. సుధాకర్ ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. ఆచారి హెరాల్డ్ చక్రాల కప్పులను ముందు రోజంతా తోమాడు. ఖాదర్‌వలీ ఫియట్ అద్దాలు కడిగాడు. దానికి ఇంకేం చేయడానికీ లేదు.

ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు ఇరవై కిలోమీటర్ల చిల్లర. మామూలు కారులో అరగంట. మేము ఫియట్ వెనక పోతాం కాబట్టి గంట అనుకోవాలి. నేను ఫియట్‌లోనే కూర్చున్నాను. గేరు స్టీరింగ్ పక్కన ఉంటుంది, మార్చినప్పుడల్లా కింద ఎక్కడో ఒక దగ్గు వినిపిస్తుంది. రెండు వైపులా నల్లరేగడి, శనగ మొలకలెత్తి సాళ్ళు పచ్చటి గీతల్లా ఉన్నాయి. చేలకు కంచెలుగా నిలువునా పాతిన నాపరాళ్ళు. మంచి రోడ్డే. సగం దారిలో కారులో పెట్రోలు వాసన మొదలైంది. ఖాదర్‌వలీ ముక్కు ఎగబీల్చి బండిని పక్కకు తీశాడు. బానెట్ లేపితే ఇంజను పక్క భాగమంతా పెట్రోలుతో తడిసి ఉంది.

కారణం ఆచారి చేసిన కొత్త సూది. పెట్రోలు ఇంజనుకు పోయే ముందు ఒక చిన్న గిన్నెలో చేరుతుంది. గిన్నె నిండగానే దారి మూసేయడానికి ఒక ఇత్తడి సూది ఉంటుంది. ఫియట్‌ది అరిగిపోతే ఆచారి కొత్తది చేసి శుక్రవారం ఇచ్చాడు. కొలత సరిగ్గానే ఉంది. కానీ బంగారు పనివాడి చేతిలోంచి ఏ వస్తువూ మెరుగు పెట్టకుండా బయటికి రాదు. ఆయన సూది మొనకు కూడా మెరుగు పెట్టాడు. మొన గుండ్రబడింది. దారి మూయాల్సిన చోట ఇప్పుడు సందు ఉంది.

ఖాదర్‌వలీ సూదిని ఊడదీసి ఎండలోకి ఎత్తి పట్టుకున్నాడు. ముక్కుపుడకలా మెరుస్తోంది.

"ఏంది ఆచారి మామా ఇది, నా బండికి పెండ్లి చేస్తాండావా?"

"చెయ్యి ఊరుకోదు గదప్పా," అన్నాడు ఆచారి తల గోక్కుంటూ. "ఇచ్చేముందర ఒక్కసారి రుద్దినా. ఒక్కసారే."

"ఒక్కసారి రుద్దితేనే ఇట్లుంటే, రెండుసార్లు రుద్దింటే మేమంతా కాలిపోయిందుము."

అందరూ నవ్వారు. సుధాకర్ నవ్వలేదు. ఆయన చేతి గడియారం చూసుకుంటున్నాడు. "టైము అయిపోతాంది ఖాదరూ. మేము ముందు పోతాం. నువ్వు సరిచేసుకోని మెల్లింగా రా," అన్నాడు. నవ్వులు అక్కడితో ఆగిపోయాయి. ఆచారి ఆయన వైపు తిరిగి, "అదెట్ల మామా? నిదానం బండి ముందు అని పెట్టింది నువ్వే గదా," అన్నాడు. సుధాకర్ పోలేదు. ముందు పోతామని ఆయన ఎందుకన్నాడో అప్పుడు నాకు అర్థం కాలేదు. గుర్తు మాత్రం పెట్టుకున్నాను. ఖాదర్‌వలీ పాత సూదిని పారేయకుండా వక్కపొడి డబ్బాలో దాచుకుని వెంట తెచ్చుకున్నాడు. అది అరిగినదే, కొంచెం కారుతుంది, కానీ బండి నడుస్తుంది. ఆగినప్పుడు మాత్రం మళ్ళీ అంటుకోవడానికి మొరాయిస్తుందని హెచ్చరించాడు. దాన్నే బిగించి బయలుదేరాం.

జమ్మలమడుగు పాత బస్టాండు దగ్గర నాలుగో బండి మా కోసం కాచుకుని ఉంది. రాజేశ్వరి టీచరు జీపు. ఆమెది పులివెందుల, అక్కడి పాఠశాలలో లెక్కలు చెబుతుంది. వాళ్ళ నాయన చీనీ, అంటే బత్తాయి, తోటకు వాడిన జీపును ఆమే తోలుకుంటుంది, ఆమే బాగుచేసుకుంటుంది. వీలున్న ఆదివారాలు ప్రొద్దుటూరు మిల్లుకూ వస్తుంది. అందరూ పులివెందులకు పోతున్నా సరే ఆమె జమ్మలమడుగు దాకా ఎదురొస్తుంది. అది కూడా వీళ్ళ అలవాటే. చివరి ఊరివాళ్ళు సగం దారి ఎదురొచ్చి కలుపుకుని పోవాలి. "ఇంత ఆలస్యమేంది? రెండు టీలు తాగినా, మూడోది తాగితే టీ కొట్టాయన నాకే బిల్లు పుస్తకం ఇచ్చేట్టున్నాడు," అంది. ఇక్కడ ఆగేవాళ్ళు బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తినండి. తొమ్మిదిన్నర దాటితే బజ్జీలు చల్లారిపోతాయి. ఊరికి ఆనుకునే పెన్న. వంతెన దాటితే ముద్దనూరు రోడ్డు. నీళ్ళు ఓ పక్కకు సన్నగా పోతున్నాయి, మిగతాదంతా ఇసుక. గండికోటకు పోవాలనుకునేవాళ్ళు ఇక్కడి నుంచే పడమటికి తిరగాలి. ఆదివారం అటు వాహనాలు ఎక్కువ. మేము తిరగలేదు.

రిసార్టు గేటు దగ్గరికి చేరేసరికి పదకొండు కావస్తోంది. ముందు ఫియట్, వెనక హెరాల్డ్, దాని వెనక జీపు, చివర అంబాసిడర్. గేటు తెరుచుకోలేదు. చేతిలో వాకీటాకీతో ఒక కుర్ర మేనేజరు బయటికి వచ్చి, ఫియట్ ముందు చక్రం దగ్గర నిలబడి అన్నాడు: "ఇది కాదండీ. ఇది పక్కకు తీసేయండి, వెనకున్న మూడు రావాలి."

"ఇది కూడా మాతోనే," అంది టీచరు జీపులోంచి.

అతను ఫోను తీసి మాకు చూపించాడు. "మాకు పంపిన ఫోటోలో మూడే ఉన్నాయి కదండీ. మూడింటికే ఒప్పుకున్నాం. ఇది ఫోటోల్లో బాగుండదు. మా గెస్టులు ఏమనుకుంటారు?"

ఫోటో చాలా బాగుంది. మిల్లు గోడ ముందు ఉదయపు ఎండలో అంబాసిడర్, హెరాల్డ్, జీపు. తీసినవాడికి పని తెలుసని చూడగానే తెలుస్తుంది. ఫియట్ రోజూ నిలబడే చోటు ఫోటోకు ఒక అంగుళం అవతల ఉంటుంది. అది ఫోటోలో పడకుండా ఉండాలంటే కెమెరాను కావాలని తిప్పాలి.

ఖాదర్‌వలీ దిగి, ఫోనును దగ్గరగా చూసి, వెనక్కి నడిచి అంబాసిడర్ కిటికీ దగ్గర వంగాడు.

"మామా, ఫోటో తీసింది నువ్వేనా?"

"ఖాదరూ, విను..."

"నువ్వేనా, కాదా?"

"నేనే," అన్నాడు సుధాకర్. దిగి నిలబడ్డాడు. "నాలుగూ చూపిచ్చింటే మొదట్లోనే వద్దందురు. మూడిట్ని చూపిచ్చి లోపలికి పోతే, పదైదు దినాలాగి నాలుగోదాన్ని ఎట్లోకట్ల లోపలికి తోద్దామనుకున్యా. షెడ్డు కావాల్సింది నీకే గదా. నీ కోసమే చేసినా."

ఖాదర్‌వలీ కిటికీ దగ్గర నుంచి వెనక్కి జరిగాడు. తర్వాత ఆచారి వైపు తిరిగాడు. "చూసినావా ఆచారి మామా? నువ్వు సూదికి మెరుగు పెడితివి. ఈయప్ప ఫోటోకి పెట్టినాడు." ఆ మాటకు ఎవరూ నవ్వలేదు. టీచరు జీపు ఇంజను ఆపేసింది. "మేమూ పోము," అంది. "పోండి టీచరమ్మా," అన్నాడు ఖాదర్‌వలీ. "ఈడ నిలబడి కొట్లాడితే నీడ రాదు. మీరన్నా లోపలికి పోయి మాట్లాడండి." తనే ఫియట్‌ను పక్కకు తీశాడు. మూడు బండ్లూ ఒకదాని వెనక ఒకటి లోపలికి పోయాయి. గేటు మూసుకుంది.

నేను బయటే ఉండిపోయాను. లోపల ఏసీ ఉంటుంది పోండి సార్ అని ఖాదర్‌వలీ రెండుసార్లు చెప్పాడు. గోడ పక్కన నీడ ఒక గజం వెడల్పు. ఇద్దరం అందులోనే నిలబడ్డాం. కాపలా ముసలాయన మంచినీళ్ళ సీసా ఇచ్చాడు. కాసేపటికి ఖాదర్‌వలీ గేటును చూస్తూ అన్నాడు: "కువైట్లో సేటు యాడికి పోయినా గేటు బయట నిలబడేది నా పని సార్. దానికి జీతమిచ్చిరి, నిలబడినా. తప్పు ల్యా. ఈడ నా బండి, నా పెట్రోలు, నా ఆదివారం. జీతం కూడా ల్యాకుండా గేటు బయట నిలబడుకోని ఉండా." నేను ఎన్నో గేట్ల బయట నిలబడి వార్తలు రాసుకున్నవాడిని. దానికి నాకూ జీతం వచ్చేది.

లోపల జరిగింది నేను చూడలేదు. తర్వాత ముగ్గురినీ విడివిడిగా అడిగాను. ముగ్గురూ చెప్పింది ఒకటే కాబట్టి రాస్తున్నాను. లోపల పెండ్లికి ముందు తీసుకునే ఫోటోల హడావిడి నడుస్తోంది. ప్రదర్శన అంటే అదే. బండ్లను పచ్చిక మీద నిలబెట్టమని, తాళాలు ఇచ్చేయమని అడిగారు. "డ్రైవర్లందరూ జనరేటర్ వెనక్కి పోండి, భోజనం అక్కడికే పంపిస్తాం," అన్నాడు మేనేజరు. ఇస్త్రీ చొక్కా వేసుకున్న సుధాకర్‌తో సహా అందరికీ అదే మాట. టీచరును మాత్రం, "మేడమ్, మీ సార్ ఎక్కడ? బండి ఆయనదే కదా?" అని అడిగాడట. "మా సారు పులివెందల్లో పప్పుకు తాలింపు పెడతాండాడు. బండి నాది," అంది ఆమె. ఇంతలో పెండ్లికొడుకు స్నేహితుడొకడు బూట్లతోనే జీపు మడ్‌గార్డు ఎక్కి నిలబడ్డాడు. ఆమె దిగమంది. "ఏం కాదులే ఆంటీ, పాతదే కదా," అన్నాడు.

తాళాలు ఇవ్వాలా వద్దా అని సుధాకర్ ఇంకా తేల్చుకోలేదు. తన అంబాసిడర్ తలుపు పట్టుకుని నిలబడి ఉన్నాడు. పెండ్లి ఫోటోలు తీస్తున్న కుర్రాడు కంటికి కెమెరా పెట్టుకుని చేత్తో ఊపుతూ చెప్పాడు: "అన్నా, మీరు ఫ్రేములోంచి తప్పుకోండి. బండి ఒక్కటే కావాలి."

ఇరవై ఏళ్ళుగా స్టూడియో నడుపుతున్న మనిషితో అన్న మాట అది. సుధాకర్ తప్పుకున్నాడు. తర్వాత వెనక్కి వచ్చి బండిలో కూర్చుని ఇంజను వేశాడు. అవతలివాళ్ళు పెండ్లికూతురి చీర కుచ్చిళ్ళు సర్దుతుండగానే అంబాసిడర్ పచ్చిక దిగి గేటు వైపు తిరిగింది. ఆయన ఎవరినీ రమ్మనలేదు. జీపు, హెరాల్డ్ వాటంతట అవే వెనక వచ్చాయి. మేనేజరు వాకీటాకీ పట్టుకుని పక్కన నడుస్తూ, "మాట ఇచ్చి పోతారేంటండీ? ప్రొఫెషనల్‌గా ఉండాలి కదండీ," అంటున్నాడు. టీచరు కిటికీలోంచి, "మాటిచ్చింది బండ్లకు నీడిస్తామని నువ్వు. బండ్లు వచ్చినాయి. నీడేదప్పా?" అని అడిగింది. అతను గేటు తీయమని వాకీటాకీలో చెప్పాడు.

గేటు తెరుచుకుంది. మూడు బండ్లూ బయటికి వచ్చి, రోడ్డెక్కకుండా ఆగాయి. ముగ్గురూ ఇంజన్లు ఆపలేదు. ఫియట్ ముందు నడిస్తే తప్ప కదలమన్నట్టు దాని వెనక వరుసగా నిలబడ్డారు. ఖాదర్‌వలీ వాళ్ళను చూశాడు, ఎక్కి తాళం తిప్పాడు. బండి అంటుకోలేదు. అరిగిన సూది తన పని తాను చేసింది. మళ్ళీ తిప్పాడు. గేటు లోపల మేనేజరు నవ్వడం నాకు కనిపించింది. సుధాకర్ దిగి, ఇస్త్రీ చొక్కా చేతులు పైకి మడిచి, ఫియట్ వెనక భుజం ఆనించాడు. ఆచారి, టీచరు, నేను. కాపలా ముసలాయన కూడా కర్ర గోడకు ఆనించి వచ్చాడు. ఏటవాలు దిగగానే ఇంజను ఒక్క దగ్గు దగ్గి అందుకుంది. పొగంతా సుధాకర్ చొక్కా మీదే పడింది.

ముద్దనూరు దగ్గర రైలు గేటు, తర్వాత తొండూరు మీదుగా పులివెందుల, ఓ నలభై కిలోమీటర్లు. రెండు కొండల మధ్య రోడ్డు ఎక్కి దిగుతుంది. దిగాక చీనీ తోటలు, ఆ తర్వాత అరటి. ఈ రోడ్డు కోసమైనా ఈ ప్రయాణం చేయవచ్చు. మధ్యలో తినడానికి ఏమీ దొరకదు, నీళ్ళు ముద్దనూరులోనే నింపుకోండి. మేము రెండున్నరకు చేరాం. టీచరు భర్త తాలూకాఫీసులో గుమాస్తా. ఆదివారం వంట ఆయనది. రాగి సంగటి, పప్పు, వేరుశనగలు నూరిన ఊరిబిండి పచ్చడి వడ్డించి, మా మొహాలు చూసి, "ఏంది, ఎవురికన్నా ఏమన్నా అయ్యిందా?" అని అడిగాడు. ఎవరూ మాట్లాడలేదు. "పప్పులో ఉప్పు తక్కువైంటే చెప్పండప్పా, మౌనం పాటిస్తారేంది," అన్నాడు. అప్పుడు ఆచారికి నవ్వు ఆగలేదు.

తిన్నాక నాలుగు బండ్లూ రోడ్డు పక్క వేపచెట్ల నీడన ఉన్నాయి. సుధాకర్ తన బండిలోంచి కెమెరా తీశాడు. ఫియట్ ముందు వచ్చేలా, మిగిలిన మూడూ వెనక పడేలా నిలబడే చోటు వెతుక్కున్నాడు. వెలుతురు బాగుంది. ఖాదర్‌వలీ వచ్చి లెన్సుకు అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"ఈపొద్దు వద్దు మామా."

"ఒక్కటే తీస్తా ఖాదరూ."

"ఈపొద్దు తీస్తే, ఎప్పుడు చూసినా ఈపొద్దే కనపడ్తాది. ఇంగో ఆదివారం చూద్దాం."

సుధాకర్ కెమెరా లోపల పెట్టేశాడు.

తిరుగు ప్రయాణం ముద్దనూరు నుంచి ఎర్రగుంట్ల మీదుగా. పొద్దు గుంకకముందే ప్రొద్దుటూరు చేరాం. మిల్లు వైపు తిరగాల్సిన చోట అంబాసిడర్ హారన్ కొట్టింది. రోజంతా వినిపించిన ఒకే ఒక్క హారన్ అది. సుధాకర్ ముందుకు వచ్చి తన స్టూడియో సందులోకి దారి చూపించాడు. షెడ్డు తలుపులు తీశాడు. అంబాసిడర్‌ను మాత్రం లోపలికి పోనివ్వలేదు, స్టూడియో ముందు వీధిలో నిలబెట్టి, లోపలున్న గుడ్డను తెచ్చి దానికి కప్పాడు. తర్వాత షెడ్డు తలుపు పక్కన నిలబడ్డాడు.

"ఎండకు తెల్లది పసుపెక్కుతాది మామా," అన్నాడు ఖాదర్‌వలీ ఫియట్‌లోంచి.

"ఎక్కనీ."

"జరం వస్తాది."

"రానీలే. తోలు లోపలికి."

ఫియట్ లోపలికి పోయింది. ఖాదర్‌వలీ దిగి, షెడ్డు చుట్టూ చూసి, "యెనక రేకు కారతాంది, మామా," అన్నాడు. కృతజ్ఞత లాంటిది ఆయన నోట వినిపించింది అంతే. వచ్చే ఆదివారం రేకు మార్చాలని అప్పటికప్పుడే మాట్లాడుకున్నారు.

ఇదంతా సుఖాంతంలా చదువుకోవద్దని నా మనవి. మిల్లు ప్లాట్లు అయిపోతుంది, ఆదివారం పూట ఆ నలుగురూ కలిసే చోటు ఇప్పటికీ లేదు. ఒకరి నీడ ఇంకొకరికి ఇచ్చుకుంటే ఒక బండి ఎండలో ఉంటుంది, అంతే లెక్క. నాకు కోపం తెప్పించింది ఇంకొకటి ఉంది. ఆ సాయంత్రం కడప బస్సులో కూర్చుని చూస్తే, రిసార్టు వాళ్ళ పేజీలో సుధాకర్ తీసిన ఫోటో ఉంది. మిల్లు గోడను చెరిపేసి దాని స్థానంలో తమ పచ్చిక పెట్టుకున్నారు. కింద, "మా సొంత పాత కార్ల సేకరణ, వచ్చి చూడండి," అని రాశారు. ఆ మూడింటిలో ఒక్క బండి కూడా వాళ్ళది కాదు. ఒక్కదానికీ వాళ్ళు గంటసేపు నీడ ఇవ్వలేదు. తెల్లారి ఫోను చేసి అడిగాను. ఫోటో తమకు పంపిందే కదా అన్నారు. ఫోటో ఇంకా అక్కడే ఉంది. బండ్లను అభిమానించేవాళ్ళమని చెప్పుకునేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. మెరిసే బండి పక్కన నిలబడి ఫోటో దిగుతాం, దాన్ని కదిలించే మనిషిని పక్కకు జరగమంటాం. ఆ నలుగురిలో ఒకాయన అదే తప్పు చేసి, ఒక్క పూటలో తెలుసుకుని, తన షెడ్డు ఖాళీ చేసి ఇచ్చాడు. అవతలివాళ్ళకు తెలిసిన జాడ లేదు.

ఈ దారిన పోయేవాళ్ళకు ఒక్క సూచన. ఆదివారం పొద్దున ప్రొద్దుటూరు, జమ్మలమడుగు మధ్య రంగు వేయని బూడిదరంగు ఫియట్ నిదానంగా పోతూ, దాని వెనక పాత బండ్లు వరుస కట్టి కనిపిస్తే హారన్ కొట్టకండి, వరుస మధ్యలో దూరకండి. ముందున్నదాని వల్ల దారి ఆగిందనుకుంటారేమో, వెనకున్నవాళ్ళు దాని కోసమే బయలుదేరారు. మీకు తొందర లేకపోతే చివరి బండి వెనక చేరండి. ఎక్కడ టీకి ఆగితే అక్కడ మీకూ ఒక గ్లాసు చెబుతారు.